తోక మీద ఒక పేరు, పే స్లిప్ మీద ఇంకో పేరు

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూవార్క్ నుంచి బఫెలోకి బయల్దేరిన 3407 విమానానికి కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ రంగులు వేసి ఉన్నాయి. టికెట్ కొన్నవాళ్లకి తెలిసిన పేరు కూడా అదే. కానీ లోపలున్న పైలట్లకి జీతమిచ్చేది కోల్గన్ ఎయిర్ అనే చిన్న కంపెనీ. క్లయింట్ బ్యాడ్జ్ మెడలో వేసుకుని, వెండర్ దగ్గర జీతం తీసుకునే పని మన ఐటీ వాళ్లకి కొత్తేం కాదు. రాత్రి 10:17కి ఆ విమానం బఫెలో దగ్గర క్లారెన్స్ సెంటర్‌లో ఒక ఇంటి మీద కూలింది. విమానంలో 49 మంది, ఇంట్లో ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు.

విమానం వేగం బాగా తగ్గిపోయినప్పుడు కంట్రోల్ కాలమ్ వణికి హెచ్చరిస్తుంది. అప్పుడు ముక్కు కిందకి దించాలి. కెప్టెన్ దాన్ని వెనక్కి లాగాడు. దర్యాప్తు సంస్థ ప్రధాన కారణంగా తేల్చింది అదే. కానీ ఆ మే నెలలో జరిగిన బహిరంగ విచారణలో జనాన్ని విస్తుపోయేలా చేసింది వేరే సంగతి: కో-పైలట్ జీతం.

ఆమెకి 24 ఏళ్లు. డ్యూటీ న్యూవార్క్‌లో, ఉండేది దేశానికి అటు చివర సియాటిల్ దగ్గర, అమ్మానాన్నలతో. ముందురోజు రాత్రి సరుకు విమానాల్లో, మెంఫిస్ మీదుగా ప్రయాణం చేసి తెల్లవారాక న్యూవార్క్ చేరింది. పగలు సిబ్బంది గదిలో కునుకు తీసింది. ఒంట్లో బాగాలేదు. కాక్‌పిట్ రికార్డింగ్‌లో ఆమె చెప్పిన మాటల సారం ఇది: ఇంట్లో ఉండగా ఇలా అనిపించి ఉంటే అసలు బయల్దేరేదాన్ని కాదు, ఇప్పుడు సెలవు పెడితే తగ్గేదాకా హోటల్ ఖర్చు నాదే. విచారణలో ఆమె జీతం ఏడాదికి 16 వేల డాలర్లు అన్నారు. ఆ విమానం నడిపే ఫస్ట్ ఆఫీసర్లకి దాదాపు 24 వేలు వస్తాయని కంపెనీ తర్వాత సవరించుకుంది. 24 వేలే అనుకున్నా, న్యూవార్క్ చుట్టుపక్కల గది అద్దెకి తీసుకుని బతకడం కష్టమే. అక్కడి కోల్గన్ పైలట్లు 137 మందిలో 93 మంది ఆమెలాగే ఇంకో ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లు.

ఇంత తక్కువ జీతానికి జనం ఎందుకు చేరేవారు? కంపెనీ పిసినారితనం అనేస్తే తేలిగ్గా అయిపోతుంది గానీ, అసలు జవాబు 1934 దాకా వెళ్తుంది. పైలట్ల యూనియన్‌కీ, కంపెనీలకీ నడిచిన గొడవలో జాతీయ కార్మిక బోర్డు ఆ ఏడాది ఒక తీర్పు ఇచ్చింది. డెసిషన్ 83 అంటారు. ఎగిరిన గంటలతో పాటు విమానం వేగం కూడా పైలట్ జీతం లెక్కలోకి రావాలన్నది దాని సారం. వేగం పెరిగేకొద్దీ విమానం కంపెనీకి ఎక్కువ సంపాదిస్తుంది, అందులో పైలట్‌కీ వాటా ఉండాలి. న్యాయమే. కాలక్రమంలో బరువు, సీట్లు కూడా లెక్కలోకి వచ్చాయి. పెద్ద విమానం, పెద్ద జీతం. ఆరోజు పైలట్లు గెలుచుకున్న ఈ సూత్రమే చిన్న విమానం నడిపేవాడి జీతాన్ని కింద కట్టి పడేసింది. వాన అదే, మంచు అదే, రోజుకి నాలుగైదు ల్యాండింగులు. సీట్లు మాత్రం యాభై.

దీనికి తోడు సీనియారిటీ నంబరు. కంపెనీలో చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కీ ఒక నంబరు ఇస్తారు. ఏ విమానం, ఏ ఊరు, ఏ సెలవులు, ఎప్పుడు కెప్టెన్ అన్నీ ఆ నంబరే చెప్తుంది. కంపెనీ మారితే ఎంత అనుభవం ఉన్నా జాబితాలో మళ్లీ ఆఖరి నంబరే. మన దగ్గర రెండేళ్లకోసారి ఉద్యోగం మారితే జీతం పెరుగుతుంది. అక్కడ మారితే సున్నా నుంచి మొదలు. అందుకే జీతం కోసం బేరమాడే బలం చాలామందికి ఉండదు. ఇక గంటల లెక్క సంగతి. విమానం గేటు దగ్గర కదిలినప్పుడు మొదలై, అవతలి గేటు దగ్గర ఆగినప్పుడు ఆగిపోతుంది. నెలకి 75 గంటలు, గంటకి 21 డాలర్లు అనుకుని గుణించండి. ఏడాదికి 18,900. ఎయిర్‌పోర్టులో కూర్చున్న గంటలు ఇందులో లేవు.

1978లో ప్రభుత్వం విమాన చార్జీల మీద నియంత్రణ ఎత్తేశాక పెద్ద కంపెనీలు చిన్న ఊళ్ల ప్రయాణికుల్ని హబ్బులకి చేరవేసే పనిని చిన్న కంపెనీలకి అప్పగించడం మొదలుపెట్టాయి. 1990ల్లో యాభై సీట్ల జెట్లు వచ్చాక ఆ పని విపరీతంగా పెరిగింది. తమ ఉద్యోగాలు జారిపోతాయని పెద్ద కంపెనీల పైలట్లు కాంట్రాక్టుల్లో హద్దులు రాయించుకున్నారు: బయటి కంపెనీ ఇన్ని సీట్లు దాటిన విమానం నడపకూడదని. ఆ హద్దు చిన్న పైలట్లని చిన్న విమానాలకే, అంటే చిన్న జీతాలకే కట్టేసింది. రెండు వైపుల పైలట్లదీ చాలా చోట్ల ఒకే యూనియన్ కావడం ఇందులో నాకు మింగుడుపడని విషయం. కామెయిర్, ఏఎస్ఏ పైలట్లు కొందరు తమ యూనియన్ మీదే కేసు వేశారు. అదే 2001లో కామెయిర్ పైలట్లు 89 రోజులు సమ్మె చేసి కొంత సాధించుకున్నారు. 2012లో ఆ కంపెనీనే మూసేశారు.

అయినా ఈ ఏర్పాటు నడిచిందంటే, నిచ్చెన పైమెట్టు మీద ఆశ ఉండబట్టే. కొన్నేళ్లు పస్తులుంటే పెద్ద కంపెనీలో చోటు, లక్షల డాలర్ల జీతం, పెన్షన్. 2001 తర్వాత ఆ పైమెట్టే విరిగింది. దివాలాల్లో పెద్ద కంపెనీలు జీతాలు కోశాయి, పెన్షన్లు వదిలించుకున్నాయి. 2007 చివర్లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెరిగింది. పైవాడు కదలకపోతే కిందివాడికి మెట్టు ఎక్కడిది? హడ్సన్ నది మీద విమానం దించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ 2009 ఫిబ్రవరి 24న కాంగ్రెస్ ముందు తన జీతంలో 40 శాతం పోయిందని, పెన్షన్ పోయిందని చెప్పాడు. అప్పటికి బఫెలో ప్రమాదం జరిగి పన్నెండు రోజులు.

2010 ఆగస్టులో వచ్చిన చట్టం చాలా చేసింది. విశ్రాంతి నిబంధనలు మార్చమంది. విమానం నిజంగా నడిపేది ఎవరో టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలంది. ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా 1500 గంటల అనుభవం ఉండాలంది. సైన్యం నుంచి, కాలేజీల నుంచి వచ్చేవాళ్లకి కొంత సడలింపు ఇచ్చారు. జీతం ఎంత ఉండాలన్న దాని జోలికి మాత్రం పోలేదు. విడ్డూరం ఏమిటంటే 3407లో ఉన్న ఇద్దరికీ 1500 గంటలు ఎప్పుడో దాటాయి. కెప్టెన్‌కి 3,379, ఆమెకి 2,244.

జీతాలు పెంచింది చట్టం కాదు, కొరత. 1500 గంటల నిబంధనతో లోపలికి వచ్చే దారి పొడుగైంది. అంతకుముందు అప్పు చేసి శిక్షణ తీసుకున్నవాళ్లు కొన్ని వందల గంటలతోనే చేరిపోయేవారు. ఇప్పుడు మిగతా గంటల కోసం చిన్న విమానాల్లో పాఠాలు చెప్పుకుంటూ తిరగాలి. 2016లో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ దివాలా పిటిషన్ వేసినప్పుడు పైలట్లు దొరక్కపోవడాన్ని ఒక కారణంగా చూపింది. 2020లో కోవిడ్‌కి వేలమంది సీనియర్లు ముందే రిటైరయ్యారు. తర్వాత ప్రయాణికులు ఒక్కసారిగా తిరిగొచ్చారు. పెద్ద కంపెనీలు కిందివాళ్లని లాక్కోవడం మొదలుపెట్టాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్ 29 చిన్న ఊళ్లకి సర్వీసు ఆపేస్తామని నోటీసు ఇచ్చింది. ఆ జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత చిన్న కంపెనీలు కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకి 90 డాలర్లు ప్రకటించాయి. అందులో కొంత 2024 ఆగస్టు దాకా మాత్రమే ఇచ్చే తాత్కాలిక బోనస్సు. డబ్బు లేదని ముప్పై ఏళ్లు చెప్పినవాళ్లకి కొన్ని వారాల్లో డబ్బు దొరికింది.

కొరత ఉంది కాబట్టి 1500 గంటల్లో సిమ్యులేటర్ గంటలు ఎక్కువ కలుపుకోనివ్వండని చిన్న కంపెనీలు 2023లో కాంగ్రెస్‌ని అడిగాయి. 3407లో తమవాళ్లని పోగొట్టుకున్న కుటుంబాలు మళ్లీ వాషింగ్టన్ వెళ్లాయి. 2024 మేలో సంతకమైన చట్టంలో ఆ నిబంధన అలాగే ఉంది.