ముఖ్యమంత్రులంతా ఒక్కచోట

2012 డిసెంబరు 27న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత మాట్లాడుతుండగా గంట మోగింది. ఆమెకు ఇచ్చిన పది నిమిషాలు అయిపోయాయని దానర్థం. ఆమె ప్రసంగం ఆపేసి బయటికి వచ్చారు. ముఖ్యమంత్రుల గొంతు నొక్కుతున్నారని విలేకరులతో అన్నారు. ఆ రోజు జరిగింది జాతీయాభివృద్ధి మండలి 57వ సమావేశం. అప్పటికి అరవై ఏళ్ల కిందట పుట్టిన ఆ మండలి ఆ తర్వాత మళ్లీ కూడలేదు.

ఏడు కోట్ల మంది తరఫున వచ్చిన మనిషికి పది నిమిషాలు! అన్ని రాష్ట్రాలకూ మాట్లాడే వంతు రావాలి కదా అంటే అదీ నిజమే. కానీ నాకు గంట కన్నా ఆ గదిలో కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయన్నదే పెద్ద విషయంగా తోస్తుంది. ముఖ్యమంత్రి వేదిక వైపు తిరిగి, ప్రధానమంత్రి వినాలని మాట్లాడితే అది విన్నపమవుతుంది. పక్క రాష్ట్రం వినాలని మాట్లాడితే మా ఊళ్లో ఇది చేశాం, ఇక్కడ దెబ్బతిన్నాం, మీరు ఇలా చేసి చూడండి అని చెప్పుకోవడమవుతుంది. మన దేశంలో ముఖ్యమంత్రుల సమావేశాల చరిత్ర చదువుతుంటే ఈ రెండు రకాల మాటలూ ఒకే గదిలో ఎప్పుడూ పెనుగులాడుతూ కనిపిస్తాయి.

ఈ ఆలోచన స్వాతంత్ర్యం కంటే పాతది. 1935 భారత ప్రభుత్వ చట్టంలో 135వ సెక్షన్ రాష్ట్రాల మధ్య ఒక మండలి పెట్టుకోవచ్చని చెప్పింది. రాజ్యాంగంలోని 263వ అధికరణకు తల్లి ఆ సెక్షనే. బ్రిటిషు పాలనలో అది కాగితం దాటలేదు. అయితే 1937లో రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు ఏర్పడ్డాక, ఆ చట్టంతో నిమిత్తం లేకుండానే మంత్రులు కలుసుకోవడం మొదలైంది. 1938 అక్టోబరు 2, 3 తేదీల్లో కాంగ్రెస్ రాష్ట్రాల పరిశ్రమల మంత్రులు ఢిల్లీలో కూడారు. పిలిచినవాడు అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. మద్రాసు మంత్రివర్గంలో పరిశ్రమలు, కార్మిక శాఖలు అప్పుడు మన బరంపురం వి.వి.గిరి చేతిలో ఉండేవి. నెహ్రూ అధ్యక్షుడుగా జాతీయ ప్రణాళికా కమిటీ పుట్టింది ఆ సమావేశం నుంచే. దేశానికి ఒక ప్రణాళిక కావాలన్న మాటను ముందుగా కూర్చుని చర్చించింది రాష్ట్రాల మంత్రులన్నది మనం తరచు మరచిపోయే సంగతి.

అప్పట్లో రాష్ట్రంలో ప్రభుత్వాన్ని నడిపే నాయకుణ్ణి ప్రధాని అనేవారు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసుకు ప్రధానే. ముఖ్యమంత్రి అన్న పేరు రాజ్యాంగంతో స్థిరపడింది. 1947 అక్టోబరు 15న నెహ్రూ ఈ రాష్ట్రాల నాయకులందరికీ ఒక ఉత్తరం రాశారు. పక్షానికొకటి అనుకున్న ఆ ఉత్తరాలు, పోనుపోను ఎడం పెరిగినా, 1963 చివరిదాకా సాగాయి. తర్వాత అయిదు సంపుటాలుగా అచ్చయ్యాయి. కాశ్మీరు, కరువు, కొరియా యుద్ధం, కాగితాలు పేరబెట్టే ఆఫీసుల తీరు, అన్నీ ఉంటాయి వాటిలో. ఒక ప్రధాని అంత ఓపికగా ముఖ్యమంత్రులతో మాట్లాడటం గొప్ప విషయమే. కాకపోతే ఢిల్లీ మాట ప్రతి రాజధానికీ చేరింది గానీ, మద్రాసు అనుభవం లక్నోకు చేరే దారి మాత్రం అప్పటికి పడలేదు.

ఆ దారి కోసమే జాతీయాభివృద్ధి మండలి వచ్చింది. 1952 ఆగస్టు 6న కేంద్ర మంత్రివర్గం ఒక తీర్మానంతో దాన్ని ఏర్పరచింది. ప్రధానమంత్రి, అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులు, ప్రణాళికా సంఘం సభ్యులు అందులో ఉండేవారు. దానికి రాజ్యాంగంలో చోటు లేదు, వెనక చట్టమూ లేదు. మొదటి సమావేశం ఆ ఏడాది నవంబరు 8, 9 తేదీల్లో జరిగింది. ఆ తేదీ చూసినప్పుడల్లా నా మనసు మద్రాసులోని ఒక ఇంటి మీదికి పోతుంది. అక్టోబరు 19న అక్కడ నిరాహార దీక్షకు కూర్చున్న పొట్టి శ్రీరాములుకు నవంబరు 8 ఇరవై ఒకటో రోజు. మద్రాసుకు రాజాజీ, హైదరాబాదుకు బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రులు. రాష్ట్రాలన్నీ కలిసి దేశాన్ని ఎలా కట్టాలో మాట్లాడుకునే బల్ల దగ్గర తెలుగు రాష్ట్రమన్న పేరుతో కుర్చీ లేదు. డిసెంబరు 15న ఆ మనిషి కన్నుమూశాకే దానికి దారి పడింది.

మండలి తొలి ఏళ్లలో జరిగిన రెండు పనులు చెప్పుకోవాలి.

మొదటిది పన్ను సంగతి. అమ్మకం పన్ను రాష్ట్రాలది. మిల్లు బట్టలకు, పంచదారకు, పొగాకుకు ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్కన వేస్తుంటే సరిహద్దు దాటిన ప్రతిసారీ వర్తకుడికి తలనొప్పి. 1956 డిసెంబరులో మండలి కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చింది. ఈ మూడు సరుకుల మీద రాష్ట్రాలు అమ్మకం పన్ను వదులుకుంటాయి, బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజు సుంకం వేసి ఆ రాబడిని రాష్ట్రాలకు పంచుతుంది. 1957లో చట్టం వచ్చింది. ఒప్పందం నాటికి ఆంధ్రప్రదేశ్ వయసు నెల పైచిలుకు. గుంటూరు పొగాకు ఉన్న రాష్ట్రానికి ఇది చిన్న నిర్ణయం కాదు. రేటు పెంచే, తగ్గించే పగ్గం ఢిల్లీ చేతికి పోయిందని రాష్ట్రాలు తర్వాత ఏళ్ల తరబడి వాపోయాయి. ఇచ్చిపుచ్చుకోవడం ఎంత ఖరీదైన పనో రాష్ట్రాలకు అప్పుడే తెలిసింది.

రెండోది పంచాయతీరాజ్. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957 నవంబరులో నివేదిక ఇచ్చింది. 1958 జనవరిలో జాతీయాభివృద్ధి మండలి దాని మూలసూత్రాన్ని ఒప్పుకుని, ఏ రూపంలో పెట్టుకోవాలో ఆయా రాష్ట్రాలకే వదిలేసింది. నా లెక్కలో ఆ మండలి చేసిన అత్యుత్తమమైన పని ఈ వదిలెయ్యడమే. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ తొలి దీపం వెలిగించారు. ఆ నెలలోనే మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి ఇక్కడ ప్రారంభించారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ సమితికి బలం ఇచ్చాయి, మహారాష్ట్ర జిల్లా పరిషత్తుకు ఇచ్చింది. ఒకే ఆలోచన, వేరు వేరు నేలలు. సమితి ప్రెసిడెంటు అంటే ఊళ్లలో ఎంత హోదానో పాతతరం వారినడిగితే చెబుతారు.

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అయిదు ప్రాంతీయ మండళ్లను కూడా ఇచ్చింది. కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు, ముఖ్యమంత్రులు ఏడాదికొకరు వంతున ఉపాధ్యక్షులు. సరిహద్దు, నీళ్లు, పోలీసు సహకారం వంటివి వాటి పని. దక్షిణ మండలి 29వ సమావేశం 2021 నవంబరు 14న తిరుపతిలోనే జరిగింది. అవసరమైన సంస్థలే అయినా, వాటి గురించి ఇంతకన్నా చెప్పుకునేది లేదు.

కేరళలో 1957 నుంచి రెండేళ్లు మినహాయిస్తే, తొలి పదిహేనేళ్లు ముఖ్యమంత్రులు ఇంచుమించు అందరూ ఒకే పార్టీ వాళ్లు. ఇంటి పెద్ద పిలిస్తే కూడిన కుటుంబంలా ఉండేది మండలి. గట్టిగా కాదనేవాళ్లు తక్కువ. 1967 ఎన్నికలతో ఆ ఇల్లు మారింది. కేంద్ర సాయం ఏ లెక్కన పంచాలన్న పేచీ నుంచి గాడ్గిల్ సూత్రం వచ్చింది: అరవై శాతం జనాభాను బట్టి, మిగతాది తలసరి ఆదాయం, పన్ను వసూలు, సాగునీరు, విద్యుత్తు పథకాలు, ప్రత్యేక సమస్యల వంటివి చూసి. లెక్క రాసి పెట్టుకోవడంతో అడుక్కోవడం కొంత తగ్గింది.

ఇక 1983. జనవరి 9న ఎన్.టి.రామారావు హైదరాబాదులో ప్రమాణస్వీకారం చేశారు, మర్నాడు రామకృష్ణ హెగ్డే బెంగళూరులో చేశారు. మార్చి 20న హెగ్డే దక్షిణాది ముఖ్యమంత్రులను బెంగళూరుకు పిలిచారు. రామారావు, ఎం.జి.రామచంద్రన్, పుదుచ్చేరి ముఖ్యమంత్రి డి.రామచంద్రన్ వెళ్లారు. కాంగ్రెస్ నడుపుతున్న కేరళ దూరంగా ఉండిపోయింది. ముఖ్యమంత్రులను ముఖ్యమంత్రే పిలవడం ఇక్కడి కొత్తదనం. ఢిల్లీ నుంచి అజెండా కాగితం రాలేదు, వేదిక మీద ప్రధాని లేరు. నిధుల్లో రాష్ట్రాల వాటా, కేంద్రం పెత్తనం అన్నవి మాట్లాడుకున్నారు. నాలుగు రోజులకే, మార్చి 24న, కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద కమిషన్ వేస్తున్నామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. అదే జస్టిస్ ఆర్.ఎస్.సర్కారియా కమిషన్. బెంగళూరు సమావేశమయ్యి నెల తిరక్కముందే, ఏప్రిల్ 18న, రామారావు, ఎం.జి.ఆర్. చెన్నపట్నం దాహం తీర్చే తెలుగుగంగ ఒప్పందం మీద సంతకాలు చేశారు. మే 28న విజయవాడలో మహానాడుతో పాటు ప్రతిపక్ష నాయకుల సమావేశం జరిగింది, అక్టోబరులో శ్రీనగర్‌లో మరో సమావేశానికి జమ్మూకాశ్మీరు ముఖ్యమంత్రి ఫరూఖ్ అబ్దుల్లా పిలిచారు. ఇవి రాజకీయం కోసం పెట్టిన సభలే. కానీ సర్కారియా ముందు రాష్ట్రాలు వినిపించిన వాదనలకు పదును పెట్టింది ఈ సభలే.

1984 జులైలో ఫరూఖ్ ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆ నెలలోనే ఢిల్లీలో జాతీయాభివృద్ధి మండలి కూడితే రామారావు, హెగ్డే, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి నిరసన తెలిపి బయటికి నడిచారు. ఆగస్టు 16న రామారావు పదవే పోయింది. నెల తర్వాత జనం ఆయన్ని మళ్లీ కుర్చీ ఎక్కించిన కథ తెలుగువారికి చెప్పనక్కర్లేదు. పక్క రాష్ట్రానికి జరిగింది రేపు మనకూ జరుగుతుందన్న ఎరుక ఆ నలుగురిదీ. అది ఏ ప్రణాళికా పత్రంలోనూ లేదు.

సర్కారియా 1987లో 247 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. 263వ అధికరణ కింద శాశ్వత మండలి పెట్టాలన్నది వాటిలో ముఖ్యమైనది. వి.పి.సింగ్ ప్రభుత్వ కాలంలో రాష్ట్రపతి ఉత్తర్వుతో అంతర్రాష్ట్ర మండలి వచ్చింది. తేదీ 1990 మే 28. అది రామారావు పుట్టినరోజు, అప్పటి నేషనల్ ఫ్రంటు ఛైర్మన్ ఆయనే. ఏడాదికి కనీసం మూడుసార్లు కూడాలని ఆ ఉత్తర్వులో ఉంది. 10వ సమావేశం 2006 డిసెంబరులో జరిగింది, 11వది 2016 జులైలో. ఇరవై ఆరేళ్లకు పదకొండు. ఇది చూస్తే బాధ వేస్తుంది, దాచుకోను.

మరి మంచి ఆలోచనలు ఆగిపోయాయా? ఆగలేదు, వేరే దారుల్లో నడిచాయి. మహారాష్ట్ర ఉపాధి హామీ దేశానికి చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2005లో మన దగ్గర కూత పెట్టిన 108 బండి గుజరాత్ మీదుగా ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. అధికారులు వెళ్లి చూశారు, లెక్కలు అడిగారు, ఇంటికొచ్చి తమ తీరున పెట్టుకున్నారు.

సమావేశం అలా పని చేసిన సందర్భం ఒకటుంది. 1999 నవంబరు 16న ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హా ముఖ్యమంత్రులను పిలిచారు. పరిశ్రమలను లాక్కోవడానికి రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి పన్ను తగ్గించుకుంటూ పోవడం ఆపాలి, కనీస రేట్లు ఉండాలి, విలువ ఆధారిత పన్ను వ్యాట్‌కు మారాలి అని ఒప్పుకున్నారు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. 2000 జులైలో రాష్ట్రాల ఆర్థికమంత్రులతో సాధికార కమిటీ వేసి, పశ్చిమ బెంగాల్ మంత్రి అసీం దాస్‌గుప్తాను ఛైర్మన్‌గా పెట్టారు. ఒక వామపక్ష మంత్రి ముందు కూర్చుని అన్ని పార్టీల మంత్రులూ ఏళ్ల తరబడి సరుకు పేరు, రేటు, నష్టపరిహారం ఒక్కొక్కటీ తేల్చుకున్నారు. 2003లో హర్యానా ముందు దిగింది, 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంతో సహా ఎక్కువ రాష్ట్రాలు కదిలాయి. జీఎస్టీ మండలికి పునాది ఈ కమిటీయే. రాజ్యాంగంలో 279ఎ అధికరణతో వచ్చిన ఆ మండలిలో ఓటు విలువ కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. 2017 సెప్టెంబరులో హైదరాబాదులో కూడింది 21వసారి. తొలిసారి చేతులెత్తించి లెక్కపెట్టింది 2019 డిసెంబరులో, 38వ సమావేశంలో, లాటరీల పన్ను మీద. అంతదాకా ప్రతి రేటూ మాటలతోనే తేలింది. పన్ను వేసే స్వేచ్ఛ చాలావరకు పోయిందన్న రాష్ట్రాల బాధ నాకు తెలుసు, 1956 నాటి బాధే అది. అయినా అక్కడ రాష్ట్రం మాటకు తూకం ఉంది.

ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్ పాలకమండలి 2015 ఫిబ్రవరి 8న మొదటిసారి కూడినప్పుడు ముఖ్యమంత్రులతోనే ఉపసంఘాలు వేశారు. స్వచ్ఛభారత్ ఉపసంఘం చంద్రబాబునాయుడికి, నైపుణ్యాల ఉపసంఘం ప్రకాశ్‌సింగ్ బాదల్‌కు, కేంద్ర పథకాలది శివరాజ్‌సింగ్ చౌహాన్‌కు అప్పగించారు. నివేదిక ముఖ్యమంత్రులే రాయడం మంచి మొదలు. అలాంటివి తర్వాత ఇంకా ఎక్కువ కావలసింది. 2024 జులై 27న మమతా బెనర్జీ ఆ సమావేశం నుంచి మధ్యలో లేచి వచ్చేశారు. తన మైకు ఆపేశారని ఆమె, ఆపలేదని కేంద్రం.

2025 మార్చి 22న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ నియోజకవర్గాల పునర్విభజన మీద చెన్నైలో సమావేశం పిలిచారు. బెంగళూరు సమావేశానికి నలభై రెండేళ్లు నిండి రెండు రోజులైంది. కేరళ నుంచి పినరయి విజయన్, తెలంగాణ నుంచి రేవంత్‌రెడ్డి, పంజాబ్ నుంచి భగవంత్ మాన్ వచ్చారు. అప్పట్లో రాని కేరళ ఈసారి వచ్చింది, అప్పట్లో ముందు వరసలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఈసారి రాలేదు. తర్వాతి సమావేశం హైదరాబాదులో అని అక్కడే ప్రకటించారు.