పైలట్ మెడికల్: విదేశీ శిక్షణలో గుర్తింపు

విమానం నడపడానికి ఆరోగ్యపరంగా అర్హుడని ఒక దేశపు పౌర విమానయాన సంస్థ ఇచ్చే ధ్రువపత్రాన్ని వాడుకలో పైలట్ మెడికల్ అంటారు. కడప, కర్నూలు వైపు నుంచి అమెరికాకో, న్యూజిలాండ్‌కో, దక్షిణాఫ్రికాకో ఫ్లయింగ్ నేర్చుకోవడానికి బయలుదేరే ఇంటర్ ఎంపీసీ విద్యార్థుల తల్లిదండ్రులు ముందుగా అడిగేది, ఇక్కడ చేయించిన మెడికల్ అక్కడ చెల్లుతుందా అని. శిక్షణకు సంబంధించినంతవరకు దాదాపు ఎక్కడా చెల్లదు. అక్కడిది ఇక్కడా చెల్లదు. కమర్షియల్ పైలట్‌గా తిరిగొచ్చి మన దేశంలో ఉద్యోగం చేయాలనుకునేవారికి రెండు దేశాల మెడికల్సూ కావలసిందే.

దీనికి మూలం 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలో ఉంది. కనీస ప్రమాణాలకు లోబడి, విమానం నమోదైన సభ్యదేశం ఇచ్చిన పైలట్ లైసెన్సునూ, విమానపు యోగ్యతా పత్రాన్నీ తక్కిన దేశాలు గుర్తించాలని దాని 33వ అధికరణం చెబుతుంది. బెంగళూరులో లేచిన విమానాన్ని మన పైలట్ లండన్‌లో దించగలుగుతున్నది ఆ అధికరణం పుణ్యాన. మెడికల్ పత్రం ప్రస్తావన అందులో విడిగా లేదు. లైసెన్సు ఎవరిస్తారో ఆరోగ్యం సంగతీ వారే తేల్చుకోవాలన్నది పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) రూపొందించిన మొదటి అనుబంధంలోని 6వ అధ్యాయం చూపు, వినికిడి, గుండె, మనోస్థితి వంటివాటికి మూడు తరగతుల ప్రమాణాలు నిర్ణయించింది. అవి కనీస ప్రమాణాలు మాత్రమే. వాటిపైన ఎంత బిగించాలో ఏ దేశం ఇష్టం ఆ దేశానిది. ఒకే నియమావళి కింద ఇచ్చిన పత్రాలకు దేశాల మధ్య ఉండే గుర్తింపు కూడా శాశ్వతం కాదు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోయాక, 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ మెడికల్ యూరప్ లైసెన్సులకు చెల్లకుండా పోయింది.

భారతదేశంలో ఈ అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌ (డీజీసీఏ)ది. విద్యార్థి ముందు క్లాస్ టూ చేయించుకోవాలి. దాన్ని డీజీసీఏ గుర్తించిన డాక్టర్లే చేయాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో ప్రొఫెసర్ స్వయంగా పరీక్షించి రాసిచ్చినా, ప్రభుత్వ కొలువులకు పనికొచ్చే సివిల్ సర్జన్ సర్టిఫికెట్ తెచ్చినా ఇక్కడ పనికిరావు. గుర్తింపు పొందిన డాక్టరు కూడా చివరి మాట చెప్పడు. పరీక్ష ఫలితాలు ఢిల్లీకి వెళ్లి, డీజీసీఏ వైద్య విభాగం చూశాక, ఈ-జీసీఏ పోర్టల్‌లో పత్రం వస్తుంది. ఆ తరవాతి మెట్టు క్లాస్ వన్. కమర్షియల్ లైసెన్సుకు అదే ఆధారం. తొలిసారి క్లాస్ వన్ చేసే పని ఏళ్ల తరబడి వైమానిక దళపు కేంద్రాల చేతిలోనే ఉండేది: బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీలోని కేంద్ర వైద్య సంస్థ, అస్సాంలోని జోర్హాట్. ఇటీవల కొన్ని ప్రైవేటు కేంద్రాలకూ అనుమతులు వచ్చాయి.

వైమానిక దళపు కేంద్రాల్లో కడపవాసులకు దగ్గరిది బెంగళూరుదే. 1957లో మొదలైన ఈ సంస్థ పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో, హెచ్ఏఎల్ విమానాశ్రయం పక్కన ఉంది. రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా బస్సెక్కితే ఊరి తూర్పు కొసన దిగవచ్చు కాబట్టి నగరమంతా ఈదే బాధ ఉండదు. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, కడుపు స్కానింగ్, చెవి, కన్ను అన్నీ చూస్తారు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే సీమలో స్కానింగ్ అంటే కాస్త బెదురుండడం సహజమే. చాలీచాలని నీళ్లతో వేడిలో తిరిగేవారి మూత్రపిండాల్లో రాళ్లు నొప్పి లేకుండానే పెరుగుతాయి. ఆకాశంలో ఉండగా రాయి కదిలితే పైలట్ చేతులెత్తేస్తాడు కనుక రాయి కనబడితే ‘టెంపరరీ అన్‌ఫిట్’ రాస్తారు. రాయి పోయాక మళ్లీ చూపించుకోవచ్చు. బెంగళూరు బస్సెక్కడానికి నెల ముందే సొంత ఊళ్లో ఒక స్కానింగ్ తీయించుకోవడం తెలివైన పని. దానికి వందల్లో అయ్యే ఖర్చు పెద్ద లెక్క కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏకి ఫస్ట్, సెకండ్, థర్డ్ అని మూడు తరగతులున్నాయి. విద్యార్థి ముందుగా ‘మెడ్ఎక్స్‌ప్రెస్’ అనే ఆన్‌లైన్ ఫారం నింపి, వచ్చిన నంబరు తీసుకుని, ఎఫ్ఏఏ గుర్తించిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అన్నీ సవ్యంగా ఉంటే డాక్టరు అక్కడికక్కడే సర్టిఫికెట్ చేతిలో పెడతాడు. ఏదైనా సందేహం ఉంటే ఫైలు ఓక్లహోమా సిటీకి పోతుంది, నెలలు పట్టవచ్చు. డిప్రెషన్‌కు మందులు వాడినవారు, చిన్నప్పుడు ఏకాగ్రత లోపానికి చికిత్స పొందినవారు ఎక్కువగా అక్కడే ఆగిపోతారు. మన ఇళ్లలో ఇలాంటివి గుట్టుగా ఉంచే అలవాటుంది. ఫారంలో దాచడం మాత్రం అమెరికాలో నేరం. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోవడానికి అమెరికాలో మెడికల్ అక్కర్లేదు, ఒంటరిగా ఎగరబోయే ముందు కావాలి. దీనివల్ల కొందరు వీసా, ఫీజు, విమానం టికెట్ అన్నీ అయ్యాక అక్కడ డాక్టరు గడప తొక్కుతారు. ఇది ప్రమాదకరమైన వరస.

విదేశీ మెడికల్‌ను నిజంగా గుర్తించే సందర్భం ఒకటుంది. భారతీయ ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవారికి దాని ఆధారంగా అమెరికా ఒక ప్రైవేటు లైసెన్సు ఇస్తుంది. దాన్ని వాడుకోవడానికి భారతీయ మెడికల్‌నే ఒప్పుకుంటుంది. అయితే దానితో జీతానికి ఎగరడం కుదరదు. అక్కడి కమర్షియల్ పరీక్షకు కూర్చోవాలంటే మళ్లీ ఎఫ్ఏఏ మెడికలే. యూరప్ మరీ గట్టిది. తొలి క్లాస్ వన్‌ను అక్కడి అధీకృత వైమానిక వైద్య కేంద్రంలోనే చేయించుకోవాలి. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లోనూ ఎవరి డాక్టర్లు వారికే.

దేశాల మధ్య తేడా బాగా కొట్టొచ్చినట్టు కనబడేది రంగుల పరీక్షలో. జపాన్ నేత్రవైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల పలకలే ఇప్పటికీ తొలి జల్లెడ. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగపిల్లలకు తల్లి వైపు నుంచే వస్తుంది. మేనమామకు ఈ ఇబ్బంది ఉంటే మేనల్లుణ్ణి ముందే చూపించడం మంచిది. మేనరికాలు మామూలైన సీమలో ఈ లోపం అప్పుడప్పుడు ఆడపిల్లల్లోనూ బయటపడవచ్చు. ఆస్ట్రేలియాలో 1989 నాటి డెనిసన్ కేసు తీర్పు తరవాత, పలకల పరీక్షలో తప్పినవారికి వేరే పరీక్షల ద్వారా దారి దొరికింది. అమెరికాలోనూ చాలాకాలం టవర్ నుంచి చూపించే రంగు దీపాలను గుర్తుపడితే సరిపోయేది. 2025 జనవరి 1 నుంచి కొత్తవారికి కంప్యూటర్ పరీక్ష తప్పనిసరి చేశారు. అక్కడ ఏదో దారిలో గట్టెక్కి, రెండు వందల గంటలు ఎగిరి, లైసెన్సుతో దిగినవాడికి ఇక్కడ క్లాస్ వన్ రాకపోతే ఆ లైసెన్సుతో భారతీయ ఎయిర్‌లైన్‌లో చేరలేడు. పొలం అమ్మో, తాకట్టు పెట్టో తెచ్చిన డబ్బు అప్పటికి ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే భారతీయ క్లాస్ టూ, వీలైతే క్లాస్ వన్ కూడా చేతికొచ్చాకే విదేశీ స్కూలుకు అడ్వాన్సు కట్టాలి. క్లాస్ టూ వచ్చిందని క్లాస్ వన్ వచ్చేసినట్టు కాదు. ఫీజు త్వరగా కట్టమని తొందరపెట్టే ఏజెంటు ఈ సంగతి చెబుతాడని ఆశించకూడదు.

తిరిగొచ్చాక విదేశీ లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్చుకోవడాన్ని కన్వర్షన్ అంటారు. నావిగేషన్, రెగ్యులేషన్స్, మెటియరాలజీ పరీక్షలతోపాటు గడువు తీరని క్లాస్ వన్ చూపించాలి. క్లాస్ వన్ గడువు 12 నెలలు. శిక్షణ సాగితే అక్కడ ఉండగానే అది తీరిపోతుంది కాబట్టి, తిరుగు ప్రయాణానికి ముందే ఇక్కడ రెన్యువల్‌కు తేదీ చూసుకుంటే కొన్ని వారాలు కలిసొస్తాయి. అమెరికా డాక్టరు ఇచ్చిన ఫస్ట్ క్లాస్ చేతిలో ఉన్నా దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు.

దేశంలోనే నేర్చుకునేవారికి ఈ రెండు మెడికల్స్ తంటా లేదు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఫ్లయింగ్ స్కూళ్లకు స్థలాలిచ్చే పథకం రెండో విడతలో ఎంపికైన ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలం తక్కినవి. 2021 మార్చిలో ప్రారంభమైన కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయంలోనూ పైలట్ శిక్షణ ఆలోచన మొదటి నుంచీ ఉంది. ఇక్కడ ఎగిరే విద్యార్థి కూడా ఒంటరిగా విమానం ఎక్కే ముందు క్లాస్ టూ, కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ వన్ చూపించాలి.