ప్రతినాయక పీఠము: కౌతవరము బిడ్డ కైకాల సత్యనారాయణ

పామర్రు నుండి బందరునకు పోవు మార్గమున నున్న గూడూరు గ్రామమును నడుమ నుంచుకొని నలుదిక్కులు పరికించినచో, తెలుగు చలనచిత్ర చరిత్రలో ఒక పెద్ద అధ్యాయము ఈ కాలువగట్ల నడుమనే పుట్టి పెరిగినట్లు గోచరించును. ఆగ్నేయమున బందరు (మచిలీపట్టణము): చలనచిత్రములను తెలుగువారికి పరిచయము చేసిన రఘుపతి వెంకయ్యనాయుడుగారికిని, పౌరాణిక చిత్రములకు శాస్త్రప్రాయమైన ఒక క్రమము నేర్పరచిన కమలాకర కామేశ్వరరావుగారికిని జన్మస్థలము. పడమట కూచిపూడి: 'దేవదాసు' దర్శకులు వేదాంతం రాఘవయ్యగారి యూరు. వాయవ్యమున నిమ్మకూరు: నందమూరి తారకరామారావుగారి యూరు. గుడివాడ వంకకు సాగిన యెడల అక్కినేని నాగేశ్వరరావుగారి రామాపురమును, ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జన్మించిన చౌటపల్లియు కానవచ్చును. ఇక గూడూరునకు ఉత్తరముగా, గుడివాడ–మచిలీపట్టణము రైలుదారిలో, గుడ్లవల్లేరు దాటిన వెంటనే వచ్చు చిన్న స్టేషను కౌతవరము. శ్రీ కైకాల సత్యనారాయణగారు 1935 జులై 25వ తేదీన అక్కడ జన్మించిరి.

పై వరుసలోని పేర్లలో నాయకులున్నారు, గాయకులున్నారు, దర్శకులున్నారు. సత్యనారాయణగారు మాత్రము తమ జీవితములో అత్యధిక భాగము నాయకునకు ఎదురుగా నిలబడి గడపినవారు. మన చిత్రచరిత్రను నాయకుల పేర్లతో విభజించి, ఫలానావారి యుగమని, ఫలానావారి శకమని వ్రాయుట అలవాటైపోయినది. ఆ విభజనలో వీరివంటి వారికి ప్రత్యేకమైన అధ్యాయము దొరకదు. ప్రతి అధ్యాయములోను ఒక పేరాగ్రాఫు మాత్రమే దొరకును. ఇది న్యాయము కాదని నా దృఢాభిప్రాయము.

మన ఆలంకారికులు ఈ విషయమును మనకంటె సూక్ష్మముగా గ్రహించిరి. శత్రువు యొక్క వంశమును, పరాక్రమమును, విద్యను గూడ ఘనముగా వర్ణించి, అట్టివానిని జయించినట్లు చెప్పుటచేత నాయకుని ఔన్నత్యము ప్రకాశించునని దండి తన 'కావ్యాదర్శము'లో అభిప్రాయపడెను. గట్టు ఎంత బలమైనదో కాలువలోని నీటి వేగము అంతగా తెలియును గదా! 1951 నాటి 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడే లేకున్న, తోటరాముని సాహసమునకు విలువ కట్టు సాధనము మనకు లేకపోయెడిది. మాంత్రికుని కన్నులలోని క్రూరబుద్ధిని, ఆ కంఠములోని తీయని విషమును చూచిన పిదపనే తోటమాలి కొడుకు మనకు వీరుడుగా దోచెను. ఆ రంగారావుగారు సైతము నాటి కృష్ణాజిల్లాలోని నూజివీటిలో జన్మించినవారే యగుట గమనింపదగినది.

సత్యనారాయణగారి విద్యాభ్యాసము గుడ్లవల్లేరు, విజయవాడ, గుడివాడలలో సాగినది. 1950లో స్థాపితమై, అనంతరకాలమున అక్కినేనివారి పేరు ధరించిన గుడివాడ కళాశాలయందు వారు పట్టభద్రులైరి. విద్యార్థిదశలోనే నాటకములు వీరి నాకర్షించినవి. ఆనాటి ఈ ప్రాంతమునకు నాటకము కొత్తది కాదు. బందరులోని ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకములు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారే మదరాసునకు పోయి 'పాతాళభైరవి'కి, 'మాయాబజారు'కు మాటలు కూర్చిరి. గంభీరమైన వాచకము, తెరచాటు లేని నిలుకడ, వెనుక వరుసలోని శ్రోతకు సైతము అక్షరము వినబడునట్లు పలుకుట: ఇవి నాటకరంగము నేర్పిన పాఠములు. సత్యనారాయణగారి కంఠములో అవి చివరివరకు నిలిచియుండెను.

పట్టము పుచ్చుకొన్న తరువాత, ఆ రోజులలో నటనాభిలాషగల తెలుగు యువకులందరి వలెనే వీరును మదరాసు చేరిరి. 'దేవదాసు' నిర్మాత డి.ఎల్. నారాయణగారు వీరిని గుర్తించి 1959లో 'సిపాయి కూతురు' చిత్రమున జమునగారి సరసన నాయకపాత్ర నిచ్చిరి. ఆ చిత్రము ప్రజాదరణ పొందలేదు. మొదటి యడుగే తడబడినచో తిరిగి స్వగ్రామము చేరుకొనువారు అనేకులు, వీరు వెనుదిరుగలేదు. అంతలో ఒక విచిత్రమైన సంగతి వీరికి సహాయపడినది. పొడవులోను, దేహపుష్టిలోను, ముఖరేఖలలోను వీరికిని రామారావుగారికిని పోలిక కలదు. 1960లో వచ్చిన 'అపూర్వ సహస్ర శిరచ్ఛేద చింతామణి'లో రామారావుగారు వీరికి అవకాశము కల్పించిరి. రామారావుగారు ద్విపాత్రాభినయము చేసిన చిత్రములలో వీరు డూపుగా సైతము నిలబడిరి. నిమ్మకూరు, కౌతవరము ఒకే ప్రాంతములోని గ్రామములు. అన్నదమ్ములవలె నుండిన ఈ యిద్దరి స్నేహము జీవితాంతము సాగినది.

అయితే పోలిక వరము వంటిదే కాక బంధనము వంటిదియు నగును. ఒక మహానాయకుని నీడగా జీవించుటలో జీతమున్నది గాని పేరు లేదు. ఆ నీడనుండి వీరిని బయటకు తెచ్చినవారు జానపద చిత్రములకు పెట్టినది పేరైన బి. విఠలాచార్యగారు. 1960 నాటి 'కనకదుర్గ పూజామహిమ'లో కాంతారావుగారు నాయకుడు కాగా, వీరికి ప్రతినాయక పాత్ర లభించెను. నాయకుడు కాదలచి వచ్చిన పాతికేండ్ల యువకుడు ప్రతినాయకునిగా మారుట ఆనాడు పతనముగా దోచియుండును. కాని, నాయకుని రూపమే కలవాడు నాయకునకు శత్రువుగా నిలిచినప్పుడు యుద్ధము సమానుల నడుమ జరిగినట్లుండును; ప్రేక్షకునకు ఫలితమును గూర్చిన సందేహము కలుగును; ఆ సందేహమే కథకు ప్రాణము. విఠలాచార్యగారు ఆ మర్మము నెరిగిన దర్శకులు.

అటుపిమ్మట వీరు వేయని వేషము లేదనిన అతిశయోక్తి కానేరదు. 1963లో 'లవకుశ'లో భరతుడు. 1971లో 'ప్రేమనగర్'లో ఆస్తికొరకు తమ్మునిమీద ద్వేషము పెంచుకొన్న జమీందారు అన్నగారు. 1974లో 'నిప్పులాంటి మనిషి'లో మొదట నాయకునితో తలపడి, పిదప ప్రాణమిచ్చు స్నేహితుడుగా మారిన షేర్‌ఖాన్. 'అడవిరాముడు', 'వేటగాడు' వంటి చిత్రములలో జనులు పండ్లు కొరికి తిట్టిన దుర్మార్గుడు. 1973లో కె. విశ్వనాథ్‌గారు 'శారద' చిత్రమున, చెల్లెలి దుఃఖమును కడుపులో దాచుకొని తిరుగు అన్నగారి పాత్ర నిచ్చి, ఆ గర్జించు కంఠములో ఎంత తడి గలదో లోకమునకు చూపిరి. మరల 1982లో అదే దర్శకులు 'శుభలేఖ'లో, కట్నము పేర పెండ్లిని బేరముగా మార్చిన ధనికుని వేషము వేయించిరి. వీరికి 'నవరసనటనా సార్వభౌమ' బిరుదము వచ్చుటకు ఇట్టి పాత్రల వైవిధ్యమే కారణము. అరువది సంవత్సరములలో వీరు నటించిన చిత్రములు 770కి పైబడినవి.

1974లో రంగారావుగారు కీర్తిశేషులైనప్పుడు పౌరాణిక చిత్రలోకమున ఒక సింహాసనము శూన్యమైనది. గద భుజమున నుంచుకొని నడచినపుడు ఆ గద బరువు నడకలో కనబడవలెను. సమాసభూయిష్ఠమైన వాక్యము నూపిరి తెగకుండ పలుకవలెను. కోపములో సైతము రాజసము సడలరాదు. ఈ మూడును గలవారు అరుదు. బాపుగారు 1976లో 'సీతాకల్యాణం'లో రావణుని వేషమునకు సత్యనారాయణగారినే ఎన్నుకొనిరి. మరుసటి యేడు జరిగినది మాత్రము, నా యెరుకలో, నటుల చరిత్రలోనే అపురూపమైన సంఘటన.

1977 సంక్రాంతికి మహాభారత కథతో రెండు భారీ చిత్రములు పోటీపడి విడుదలయ్యెను. మొదటిది నిమ్మకూరు రామారావుగారు స్వయముగా దర్శకత్వము వహించి, కర్ణ, దుర్యోధన, శ్రీకృష్ణ పాత్రలు మూడును తామే ధరించిన 'దానవీరశూర కర్ణ'. రెండవది బందరు కామేశ్వరరావుగారి దర్శకత్వమున, కృష్ణగారు అర్జునుడుగా, శోభన్‌బాబుగారు శ్రీకృష్ణుడుగా, కృష్ణంరాజుగారు కర్ణుడుగా నటించిన 'కురుక్షేత్రము'. రెండు చిత్రములలోను కౌతవరము సత్యనారాయణగారు కలరు: మొదటి దానిలో భీముడుగా, రెండవ దానిలో దుర్యోధనుడుగా! ఒక తెరమీద తొడ విరుగగొట్టెదనని ప్రతిజ్ఞ చేసినవాని వేషము. మరొక తెరమీద ఆ తొడ విరుగవలసినవాని వేషము. అదే పండుగకు, అవే ఊళ్ల ప్రేక్షకులకు, ఒకే దేహముతో, ఒకే కంఠముతో పరస్పర విరుద్ధములైన రెండు పక్షములను నమ్మించుట సామాన్యమైన విద్య కాదు.

ఈ ఘటనలోని గూఢార్థమును ఇంచుక విచారింతము. భీమ దుర్యోధనులు ఒకే గురువునొద్ద గద నేర్చినవారు, ఒకే వంశమున పుట్టినవారు, బలమున సమానులు. ధర్మము ఒకని వైపున, మదము రెండవవాని వైపున నిలిచినది. సత్యనారాయణగారి భీమునిలో కోపము అవమానమునుండి పుట్టినది. కనుక అది వేడిగా పైకుబుకును. వారి దుర్యోధనునిలో కోపము అభిమానమునుండి పుట్టినది. కనుక అది మెడలోను, కనుబొమలోను బిగిసి నిలుచును. ఒకే బలమునకు రెండు మూలములు చూపగలిగినందుననే ఈ రెండు వేషములు ఒకదానితో నొకటి కలిసిపోలేదు. రెండు చిత్రములలోని జయాపజయములను వాణిజ్యదృష్టితో లెక్కించినవారు అనేకులు. ఈ నటునిలో ఆ యేడు జరిగిన కురుక్షేత్రమును లెక్కించినవారు తక్కువ.

ఆ సంవత్సరమే మరియొక పాత్ర వీరిని వరించినది. యమధర్మరాజు తెలుగు టాకీ పుట్టిన నాటినుండి మన తెరమీద నున్నవాడే. 1933 నాటి 'సావిత్రి'లో వేమూరి గగ్గయ్యగారి యముని జూచి జనులు నిజముగా భయపడిరి. 1960లో 'దేవాంతకుడు'లో రంగారావుగారు ఆ భయములో కొంత హాస్యము కలిపిరి. 1977లో తాతినేని రామారావుగారి 'యమగోల'లో సత్యనారాయణగారు ఆ పాశమును చేతబట్టి, అల్లు రామలింగయ్యగారి చిత్రగుప్తుని వెంట బెట్టుకొని, మృత్యుదేవతను మానవులతో వాదమునకు దిగి ఓడిపోగల పెద్దమనిషిగా మార్చివైచిరి. 1988లో 'యముడికి మొగుడు', 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డిగారి 'యమలీల' ఆ పరంపరనే పొడిగించినవి. చావును నవ్వుచు చూడగల ధైర్యమును పల్లెటూరి బాలునకు గూడ కలిగించుట స్వల్పవిషయము కాదు. కిరీటము, గద, మీసము ధరించి నవ్వు పుట్టించుట సులభమే. అట్లు నవ్వించుచునే అతడు ధర్మరాజని మరపింపకుండుట దుర్లభము. వీరి యముడు ఎంత మోసపోయినను నీచుడు కాలేదు. 1995లో 'ఘటోత్కచుడు' చిత్రమున అరువదియేండ్ల వయస్సులో ఆ రాక్షసవీరుని వేషము ధరించి, ఒక పసిపిల్ల కొరకు భూమికి దిగివచ్చిన వాత్సల్యమూర్తిగా కనబడినపుడు, నాటి బాలబాలికలకు రాక్షసుడన్న మాటకే అర్థము మారినది.

1996 జనవరిలో నందమూరి రామారావుగారు స్వర్గస్థులైరి. ఆ వేసవి ఎన్నికలలో సత్యనారాయణగారు తెలుగుదేశము పక్షమున మచిలీపట్టణము నియోజకవర్గము నుండి లోకసభకు ఎన్నికైరి. తమ పుట్టినిల్లున్న ప్రాంతమునకే ప్రతినిధిగా ఢిల్లీకి పోవు భాగ్యము నటులలో కొందరికే లభించును. ఆ లోకసభ రెండేండ్లు నిండకమునుపే రద్దయినది. పిదప కూడ వీరు మేకప్పు మానలేదు. 'మురారి', 'అరుంధతి' వంటి చిత్రములలో పెద్దతరపు పాత్రలు ధరించుచు, 2019లో వచ్చిన 'మహర్షి' వరకు తెరమీద కనుపించిరి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2011 సంవత్సరమునకు వీరికి రఘుపతి వెంకయ్య పురస్కార మొసగినది. బందరు బిడ్డ పేర వెలసిన గౌరవము కౌతవరము బిడ్డకు చేరుట ఈ ప్రాంతపు వారికి గర్వకారణము. కాని, ఏడువందల డెబ్బదికి పైగా పాత్రలకు ప్రాణము పోసిన ఈ నటునకు పద్మ పురస్కారములలో ఏదియు లభింపలేదు. 2022 డిసెంబరు 23వ తేదీన, ఎనుబదియేడేండ్ల వయస్సులో, హైదరాబాదులో వీరు పరమపదించిరి.

బిరుదులు రానందున నటుని ఘనత తరుగదు. కాని పురస్కారముల వరుస మన విలువల వరుసను తెలుపును. నాయకునకు పల్లకి పట్టుటకు మనకు తెలిసినంతగా, ఆ నాయకుని నాయకుని జేసిన ఎదుటివానిని గౌరవించుట తెలియలేదు. ఈ లోపమును సవరించుటకు ప్రభుత్వముల కొరకు ఎదురుచూడ నక్కరలేదు. నటన నేర్పు సంస్థలును, కళాశాలలలోని నాటక సంఘములును 1977 నాటి ఆ రెండు భారతములను విద్యార్థులకు ఒకదాని వెంట నొకటి చూపించి, భీముడెక్కడ ముగిసెనో, దుర్యోధనుడెక్కడ ఆరంభమయ్యెనో పరిశీలింపజేయవలెను. గుడివాడ, బందరు ప్రాంతముల నాటక పరిషత్తులు ఉత్తమ నటునకు ఇచ్చినట్లే ఉత్తమ ప్రతినాయకునకును సమానస్థాయిలో బహుమతి నెలకొల్పి, దానికి కైకాలవారి పేరు పెట్టవలెను. ఎదిరించువాడు ఘనుడైనప్పుడే గెలుచువాడు ఘనుడగునని దండి చెప్పిన మాటను అరువది యేండ్లు తన దేహముతో నిరూపించిన నటునకు, ఆయన పుట్టిన గడ్డ చేయదగిన కనీస మర్యాద ఇది.