సీటు చెప్పే చరిత్ర: సౌదీ అరేబియాలో టాపు లేని కార్లు

ఇద్దరు మాత్రమే కూర్చోగలిగే, టాపు లేని లేదా టాపును వెనక్కి మడిచే వీలున్న చిన్న కారును రోడ్‌స్టర్ అంటారు. సీట్లు ఎన్ని ఉన్నా మడత టాపు గల కార్లన్నిటికీ కన్వర్టబుల్ అన్నది సాధారణ నామం. పాతకాలపు ఆకృతిని కొత్త ఇంజనుకు తొడిగి, కొద్ది సంఖ్యలో తయారుచేసి, పెద్ద ధరకు అమ్మే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో బలపడింది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలూ ఇసుక గాలులూ ఉండే సౌదీ అరేబియాలో ఇటువంటి కార్లకు గిరాకీ ఎందుకు ఏర్పడిందన్నది ఆలోచించదగిన ప్రశ్న. అక్కడి మోటారు చరిత్రను పరిశీలిస్తే, టాపు తెరుచుకునే కారు ఆ దేశంలో షికారు బండిగా కంటే కూర్చున్నవారి హోదాను చాటే పీఠంగానే ఎక్కువ ఆదరణ పొందిందని, అందుచేత ఆ చరిత్రను కారులో ఎవరు ఏ సీటులో కూర్చున్నారన్నదాన్ని బట్టి చదవవలసి ఉంటుందని తేలుతుంది.

అరేబియాకు తొలినాళ్లలో వచ్చిన కార్లలో చాలావాటికి గట్టి టాపు లేకపోవడానికి కారణం వేడుక కాదు, ఆ కాలపు తయారీ పద్ధతి. ఫోర్డ్ మోడల్ టి వంటి బండ్లలో ఎండకు అడ్డంగా ఉండేది మడిచిపెట్టే కాన్వాసు గుడ్డ మాత్రమే. ఒట్టోమన్ పాలన మీద 1916లో మొదలైన అరబ్బుల తిరుగుబాటులో బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్‌కు తోడుగా వచ్చిన బ్రిటిష్ దళాలు హిజాజ్ రైలు మార్గం మీద దాడులకు రోల్స్‌రాయిస్ కార్లను వాడాయి. హిజాజ్ అంటే మక్కా, మదీనా, జెద్దా నగరాలున్న పశ్చిమ ప్రాంతం. 1925 చివర్లో జెద్దా సౌదీ రాజ్య స్థాపకుడు అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ వశమయ్యాక, బ్రిటిష్ కొలువు వదిలి ఆ ఊళ్లో వ్యాపారిగా స్థిరపడిన సెయింట్ జాన్ ఫిల్బీ ఫోర్డ్ ఏజెన్సీ నడిపాడు. జెద్దా నుంచి మక్కాకు ఒంటె మీద రెండు రోజులు పట్టే ప్రయాణం మోటారు రాకతో కొన్ని గంటలకు తగ్గడంతో, హజ్ యాత్రికుల రవాణాయే అక్కడి మోటారు వ్యాపారానికి మొదటి ఆధారమైంది.

కారు ఎడారిలోకి చొచ్చుకుపోయాక దాని నష్టం కూడా కనిపించింది. డేగలతో వేటాడే పాత ఆచారానికి టాపు లేని వాహనాలూ తుపాకులూ తోడవడంతో, ఒంటెకు అందనంత వేగంగా పరుగెత్తే జంతువులు కూడా తప్పించుకోలేకపోయాయి. పొడవాటి కొమ్ములుండే తెల్లని అరేబియా ఓరిక్స్ జింక 1972 నాటికి సహజ ఆవాసాల్లో పూర్తిగా అంతరించిపోగా, సంరక్షణలో పెంచిన వాటిని 1990లో సౌదీలోని మహజత్ అస్సైద్ అభయారణ్యంలో తిరిగి వదలవలసి వచ్చింది.

కారు సీటుకు ఆ రాజ్యంలో ఎంత అర్థముందో 1945 నాటి ఒక కానుక స్పష్టం చేస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 17న ఈజిప్టులోని ఫయూమ్‌లో బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ ఇబ్న్ సౌద్‌ను కలిసినప్పుడు, రాజు ఇచ్చిన రత్నఖచిత ఖడ్గానికీ ఆభరణాలకూ ముందు తాను తెచ్చిన అత్తరు సీసాలు చిన్నబోవడంతో, చర్చిల్ ఒక మేలైన కారును పంపుతానని మాట ఇచ్చాడు. ఆ మాట ప్రకారం హూపర్ సంస్థ బాడీ కట్టిన రోల్స్‌రాయిస్ ఫాంటమ్ త్రీ 1946లో రాజుకు చేరింది. రోల్స్‌రాయిస్ ఆ రోజుల్లో ఇంజను, చక్రాలు, చట్రం మాత్రమే ఇచ్చేది; వాటి మీద కొనేవారి అభిరుచికి తగినట్టు బాడీని చేతిపనితో కట్టే సంస్థలను కోచ్ బిల్డర్లు అంటారు. ఇంత శ్రద్ధతో తయారైన కారులో స్టీరింగ్ బ్రిటిష్ అలవాటు ప్రకారం కుడివైపున ఉంది. ఇబ్న్ సౌద్‌కు వెనక సీటు కంటే ముందు డ్రైవరు పక్కన కూర్చోవడం ఇష్టం. ఈ కారులో అలా కూర్చుంటే రాజు డ్రైవరుకు ఎడమవైపున ఉండవలసి వస్తుంది. కుడివైపును గౌరవస్థానంగా భావించే ఆ సంప్రదాయంలో ఇది సరిపడని విషయం కావడంతో రాజు ఆ కారును తన సోదరుడికి ఇచ్చేశాడు.

కారు సీటును హోదాకు గుర్తుగా చూడడం తెలుగువారికి కొత్తగా తోచదు, ఎందుకంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరిక మీద తయారై, 1911లో ఆయన మరణించాక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు చేరిన పసుపు రంగు రోల్స్‌రాయిస్‌లో వెనక సీటును ఎత్తుగా సింహాసనంలా అమర్చారు.

సౌదీ రాజకుటుంబపు కన్వర్టబుల్ కార్లలో అరుదైనది 1952లో ఇబ్న్ సౌద్ కుమారుడైన యువరాజు తలాల్ కోసం ఫ్రెంచి కోచ్ బిల్డర్ ఫ్రానే బాడీ కట్టిన రోల్స్‌రాయిస్ ఫాంటమ్ ఫోర్. రాజవంశీకులకూ దేశాధినేతలకూ మాత్రమే అమ్మాలన్న నియమంతో 1950, 1956 మధ్య ఈ నమూనాలో తయారైనవి మొత్తం 18 కార్లే. వాటిలో ఒకటి సొంతం చేసుకున్న తలాల్ తరువాతి కాలంలో ఆర్థిక మంత్రి అయి, రాజు అధికారానికి రాజ్యాంగపు హద్దులు ఉండాలని కోరి, కొంతకాలం ప్రవాసంలో గడపవలసి వచ్చింది.

1973 నాటి చమురు సంక్షోభంలో పీపా చమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దాకా పెరగడంతో, ప్రపంచంలో ఖరీదైన కార్లు తయారుచేసేవారి దృష్టి గల్ఫ్ వైపు మళ్లింది. పాత ఆకృతుల కార్లకు పేరుపొందిన అమెరికా సంస్థ స్టట్జ్ వారిలో ఒకటి. 1912 నాటి స్టట్జ్ బేర్‌క్యాట్ తలుపులు కూడా లేని అసలైన రోడ్‌స్టర్. 1930ల్లో మూతపడ్డ ఆ సంస్థ పేరును 1968లో పునరుద్ధరించినవారు, పాంటియాక్ కార్ల చట్రం మీద ఇటలీలో చేతితో బాడీ కట్టించి, విడిగా నిలబడ్డ హెడ్‌లైట్లు, డిక్కీ మూతలోంచి బయటికి కనిపించే స్టెప్నీ, బంగారు పూత హంగులు జోడించి, బేర్‌క్యాట్ అన్న పేరునే ఒక కన్వర్టబుల్‌కు మళ్లీ పెట్టారు. ఇదే సంస్థ తయారుచేసిన, దాదాపు ఇరవై నాలుగున్నర అడుగుల రాయల్ లిమోజిన్‌ను 1975 నుంచి 1982 వరకు పాలించిన రాజు ఖాలిద్ తీసుకున్నాడు. ఊరేగింపులో ప్రజలకు రాజు కనిపించేలా, కూర్చున్న సీటు పైకప్పులోని కిటికీ దాకా లేచే ఏర్పాటు అందులో ఉంది. హైదరాబాదులో దశాబ్దాల ముందే కనిపించిన సింహాసనపు సీటు ఇక్కడ యంత్రబలంతో పైకి లేచింది.

రాజుల చేతుల్లోంచి బయటపడ్డ కార్లు ఇప్పుడు వేలంపాటలకు వస్తున్నాయి. 2019 నవంబరులో రియాద్‌లో జరిగిన కార్ల ప్రదర్శనలో పాత, అరుదైన కార్లను వేలం వేశారు. బహిరంగంగా పాడి అమ్మే బజారును అరబ్బులు హరాజ్ అంటారు. తెలంగాణ తెలుగులో వేలానికి వాడే హర్రాజు అన్న మాట కూడా ఇదే.

ఈ చరిత్రలో మిగిలింది డ్రైవరు సీటు. 1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి శిక్షకు గురయ్యారు. 2018 జూన్ 24న గాని స్త్రీలకు ఆ హక్కు చట్టబద్ధంగా రాలేదు. అప్పటిదాకా సొంత డ్రైవరు లేనిదే కదలలేని సౌదీ కుటుంబాలెన్నో ఆసియా దేశాల నుంచి హౌస్ డ్రైవర్లను తెప్పించుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్లి, కఫీల్ (అంటే వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లోనే ఉంటూ పిల్లల్ని బడికీ ఆడవారిని బజారుకీ తీసుకెళ్లి తీసుకొచ్చిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. వేలానికి వచ్చే కారు పత్రాల్లో తయారీదారు పేరు, యజమాని పేరు, ఇంజను సంఖ్య ఉంటాయి గాని, నడిపినవాడి పేరు ఉండదు. సౌదీ మోటారు చరిత్ర పూర్తి కావాలంటే ఆ సీటులో కూర్చున్నవారు చెప్పేది కూడా నమోదు కావాలి. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఆ డ్రైవర్లు ఇంకా మన మధ్య ఉండగానే వారి అనుభవాలను రాయించి భద్రపరచడం తెలుగు చరిత్రకారుల బాధ్యత.