లిఫ్టు లోపలి వీడియో

ఫుట్‌బాల్ సీజన్‌లో మా బాల్టిమోర్‌కు శుక్రవారమంటే ఊదారంగు. బ్యాంకువాళ్లు, బడి టీచర్లు, మా హెచ్‌ఆర్ విభాగం, అందరం మా ఊరి జట్టు రేవెన్స్ జెర్సీల్లోనే పనికి పోతాం. 2013 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాక ఎటు చూసినా 27 నంబరు జెర్సీలే. అది రే రైస్ నంబరు. అంతకు ముందు ఏడాదే జట్టు అతనితో అయిదేళ్లకు మూడున్నర కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది.

2014 ఫిబ్రవరి 15న అట్లాంటిక్ సిటీలో ఒక క్యాసినో లిఫ్టులో రైస్ తనకు కాబోయే భార్య జనేని కొట్టాడు. స్పృహలేని ఆమెను లిఫ్టులోంచి బయటికి ఈడుస్తున్న వీడియోను టీఎంజెడ్ వెబ్‌సైట్ నాలుగు రోజులకే బయటపెట్టింది. ఊరంతా చూసింది. ఎవరి జెర్సీ వాళ్ల ఒంటిమీదే ఉంది. మార్చిలో నేరారోపణ నమోదైన మర్నాడే ఇద్దరికీ పెళ్లయింది. కోర్టు జైలు లేకుండా కౌన్సెలింగ్‌తో సరిపెట్టింది.

మే 23 నాటి ప్రెస్‌మీట్ మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జట్టే భార్యాభర్తలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. రైస్ జట్టు యజమానికి, కోచ్‌కు క్షమాపణ చెప్పాడు. ఆ రాత్రి తన పాత్రకు చింతిస్తున్నానని జనే చేత కూడా అనిపించారు. జట్టు ఆ ముక్కను ట్విట్టర్‌లో పెట్టుకుంది. మా హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కూడా దెబ్బలు తిన్న మనిషిని కొట్టినవాడి పక్కన కూర్చోబెట్టి మాట్లాడించడు.

జులైలో లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ వేసిన శిక్ష రెండు మ్యాచ్‌లు. గంజాయి పరీక్షలో మళ్లీ పట్టుబడ్డ మరో ఆటగాడు జాష్ గోర్డన్‌కు సీజన్ మొత్తం నిషేధాన్ని ఆగస్టు 27న ఖరారు చేశారు. అది తర్వాత పది మ్యాచ్‌లకు తగ్గింది. ఆ మర్నాడే, రైస్ విషయంలో పొరపాటు చేశానని గుడెల్ యజమానులకు ఉత్తరం రాసి, గృహహింసకు మొదటిసారి ఆరు మ్యాచ్‌లు, రెండోసారి నిషేధం అని కొత్త నియమం పెట్టాడు.

సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో బయటికొచ్చింది. అదే రోజు జట్టు రైస్‌ను తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. తెలియని సంగతి ఆ వీడియోలో ఏముంది? కొట్టాడని ఫిబ్రవరి నుంచీ తెలుసు. కొత్తగా కనిపించింది పిడికిలి ఒక్కటే. ఆ వారాంతం దాటాక జట్టు అతని జెర్సీలు వెనక్కి తీసుకుని వేరేవి ఇచ్చింది. వేలమంది స్టేడియం ముందు వరుసకట్టారు. ఒక పిజ్జా కొట్టువాడైతే జెర్సీ తెస్తే పిజ్జా ఉచితమన్నాడు.

అంతకు ముందటి సీజన్‌లో రైస్ పరుగు సగటు 3.1 గజాలకు పడిపోయిందన్న సంగతినీ మరిచిపోకూడదు. ఆటలో విలువ తగ్గనివాళ్ల సంగతి వేరు. 2014లోనే ప్రియురాలిపై దాడి కేసులో నార్త్ కరొలైనా జడ్జి దోషిగా తేల్చిన ఆటగాడు గ్రెగ్ హార్డీ, అప్పీలు తేలేదాకా దాదాపు సీజనంతా ఇంట్లోనే కూర్చుని కోటి డాలర్లకు పైగా జీతం తీసుకున్నాడు. ఆ కేసు వీగిపోయిన నెలకే డాలస్ కౌబాయ్స్ అతన్ని పిలిచి ఒప్పందం చేసుకుంది. 1989లో భార్యను కొట్టిన కేసులో శిక్షపడ్డ మాజీ ఆటగాడు ఓజే సింప్సన్‌కు ఎన్‌బీసీ టీవీలో వ్యాఖ్యాత పని పోలేదు.

ఉద్యోగం పోవాలా అంటే, పోవాలనే అంటాను. అయితే విచారణ చేసి, కారణం కాగితం మీద రాసి తీసేయాలి. ఆటగాడి విలువ చూసి కాదు. నవంబర్‌లో మధ్యవర్తి, మాజీ జడ్జి బార్బరా జోన్స్ ఇచ్చిన తీర్పూ ఆ లెక్కలోనిదే: ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించడానికి వీల్లేదు, రైస్ కమిషనర్‌తో అబద్ధమాడలేదు, సస్పెన్షన్ చెల్లదు. తీర్పు గెలిచినా ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. 2023 డిసెంబర్ 31న రేవెన్స్ అతన్ని పాత ఆటగాడిగా స్టేడియానికి పిలిచి గౌరవించింది. మర్నాడు కొత్త సంవత్సరం సెలవు. ఆఫీసులో ఆ మాట ఎత్తినవాళ్లు లేరు.