కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న

పోయినసారి సెల్మా గురించి రాస్తే, "1965లో ఓటు హక్కు చట్టం వచ్చేసింది కదా, ఇంకేం మిగిలింది?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆఫీసు మెట్లు మిగిలాయి మిత్రమా.

మన మొదటి ఎన్నికల ముందు సర్కారు మనుషులు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. (సొంత పేరు చెప్పకుండా "ఫలానావాడి భార్య" అన్నందుకు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.) అమెరికాలో అలా కాదు. పేరు ఎక్కించుకోవడం ఎవరి తిప్పలు వాళ్లవే. మిసిసిపీలో 1892 నుంచి రెండుసార్లు నమోదు: కౌంటీ గుమాస్తా దగ్గర ఒకటి, పట్నం గుమాస్తా దగ్గర ఇంకొకటి. అంటే కూలి మానుకుని రెండు ఆఫీసులు తిరగాలి. 1980లలో నల్లవాళ్లు కోర్టుకెక్కితే గానీ అది కదల్లేదు.

పేదవాళ్లు ఎలాగూ వెల్ఫేర్ ఆఫీసుకు వస్తారు, అక్కడే ఓటు ఫారం ఇస్తే సరిపోదా? ఫ్రాన్సిస్ ఫాక్స్ పివెన్, రిచర్డ్ క్లావర్డ్ ఈ ప్రశ్న పట్టుకుని 1983లో ఒక సంస్థే పెట్టారు. 1992లో బిల్లును బుష్ వీటో చేశాడు. 1993 మే 20న క్లింటన్ సంతకం పెట్టాడు. అందరూ దాన్ని 'మోటార్ ఓటర్' చట్టం అంటారు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గరే నమోదు చేస్తారు కాబట్టి. కారు లేనివాళ్ల సంగతి? వాళ్లకోసమే ఏడో సెక్షన్. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్, వికలాంగుల సేవలు ఇచ్చే ఆఫీసుల్లో గుమాస్తా తానే అడగాలి: ఓటుకు నమోదవుతారా అని. తన ఆఫీసు ఫారం నింపడానికి ఎంత సాయం చేస్తాడో దీనికీ అంతే చేయాలి. వద్దన్నా సాయం తగ్గదని చెప్పాలి. నింపిన ఫారాన్ని మామూలుగా 10 రోజుల్లోపు పంపాలి.

మిసిసిపీ ఏం చేసిందో చూడండి. 1995లో, ఈ చట్టం కింద నమోదైనవాళ్లు అధ్యక్షుడికి, కాంగ్రెసుకు మాత్రమే ఓటేయొచ్చు అంది. గవర్నరుకు, షెరీఫుకు వేయాలంటే మళ్లీ విడిగా నమోదు కావాలి. అధ్యక్షుడు వాషింగ్టన్‌లో ఉంటాడు. షెరీఫ్ మన వీధిలో లాఠీతో ఉంటాడు. ఏ ఓటు ఇచ్చి ఏది దాచారో దళితవాడలో ఎవరినడిగినా చెప్తారు. ఫెడరల్ ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఈ పద్ధతి కుదరదని 1997లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది.

మిగతా రాష్ట్రాలకు అంత శ్రమ కూడా అక్కర్లేకపోయింది. కౌంటర్లో అడగడం మానేస్తే చాలు. 1995–96లో ఈ ఆఫీసుల నుంచి 26 లక్షల దరఖాస్తులు వచ్చాయి. పదేళ్లకు అవి అయిదున్నర లక్షల దరిదాపులకు పడిపోయాయి. పేదరికం పోయిందనుకున్నారా? 2008లో మిస్సోరీలో ఫెడరల్ జడ్జి, చట్టంలో ఉన్నట్టు అడగండి అని ఆదేశించింది. అవే ఆఫీసులు, అవే జనం. గుమాస్తాలు అడగడం మొదలుపెట్టారు. ఫారాలు కుప్పలుగా వచ్చాయి.