సొర్లగొందిలో దొరికిన గద్దింపు



సాగర్ ఎడమ కాలువలో మన మిర్యాలగూడ, కోదాడ పొలాలకు వచ్చే కృష్ణా నీళ్లు మనకు జీవనాధారం. అదే కృష్ణ సముద్రంలో కలిసే చోటు దివిసీమ. గత నెలలో సంఘస్థులు నలుగురితో కలిసి విజయవాడ, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటి సొర్లగొంది వెళ్లాను. దారిలో ఉప్పు తేలిన నేలలు, సముద్రం కోసేసిన ఒడ్డు చూశాము.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను గాలికి సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఈ ఊళ్లమీద పడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం చూసినా 10 వేల మంది చనిపోయారు.

నేను సేవకు వచ్చిన కొత్తలో, ఆ ఉప్పెన అక్కడివారి పాపానికి శిక్ష అని ప్రసంగించాను. సొర్లగొందిలో ఒక పెద్దాయన నాతో అన్నాడు: "అయ్యగారూ, ఆ రోజు మా చెల్లి నా చేతిలోంచి జారిపోయింది. దానికి నాలుగేళ్లు. అదేం పాపం చేసిందండీ?"

నా నోట మాట రాలేదు.

లూకా సువార్త 13వ అధ్యాయములో సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి ఉంది. వారు మిగతావారికంటె పాపులు కారని ప్రభువే చెప్పాడు. మారుమనస్సు పొందమన్నది బ్రతికున్నవారిని. ఆ మాట నాకే తగిలింది.

చరిత్ర కూడా అదే చెబుతుంది. 1990 మే నెలలో అంతే భయంకరమైన తుఫాను ఈ కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి మృతులు సుమారు వెయ్యి మంది. పదమూడేళ్లలో ప్రజల పాపం తగ్గిందా? లేదు. ముందుగా హెచ్చరించారు, లక్షలాది మందిని తరలించారు, తుఫాను షెల్టర్లు కట్టారు. 1977లో ఆ పేదలకు అవి లేవు. లోటు మనుష్యుల ఏర్పాటులో ఉంటే, నేను దాన్ని దేవుని కోపమని చెప్పాను.

ఉప్పెన తరువాత మదర్ థెరీసా దివిసీమకు వచ్చారు. ఎవరి పాపమని అడగడానికి కాదు, కన్నీరు తుడవడానికి.

తిరిగి వచ్చిన ఆదివారం సంఘం ముందు నిలబడి నా పాత ప్రసంగం తప్పని ఒప్పుకున్నాను. ప్రియులారా, మన వీధిలో పంట పోయినవారి ఇంటికి, బిడ్డను పోగొట్టుకున్నవారి ఇంటికి వెళ్లినప్పుడు "ఏ పాపం చేశారో" అనకండి. వారి పక్కన కూర్చోండి. చేతనైనది చేయండి.

ప్రభువు మన నాలుకలను కాపాడును గాక. ఆమేన్.